రెక్కలు తెగిన కొండలు

పూర్వము పర్వతములకు రెక్కలుండెడివనియు, అవి ఇచ్ఛ వచ్చిన చోట వ్రాలి జనపదములను నుగ్గు చేయుచుండగా దేవేంద్రుడు వజ్రాయుధముతో వాని రెక్కలు ఖండించెననియు, మైనాకుడొక్కడు మాత్రము సముద్రగర్భమున దాగి తన రెక్కలను దక్కించుకొనెననియు పురాణములు చెప్పుచున్నవి. ఇంద్రుడు చేసినది న్యాయమే కావచ్చును గాని, కదలలేక నిలిచిపోయిన ఆ కొండల నడుమ కాపురముండు మనుష్యులకు రాకపోకల బాధ నాటినుండియే మొదలైనదని నా అనుమానము.

అట్టి కొండల దేశమైన భూటానులో 1981లో నెలకొల్పబడిన డ్రూక్ ఎయిర్, 1983 ఫిబ్రవరిలో పారో నుండి కలకత్తాకు తన తొలి విమానమును నడపినది. అది ఇరువదిమందికైనను చోటు చాలని డోర్నియర్ 228. పారో లోయ సముద్రమట్టమునకు 2,200 మీటర్లకు పైగా ఎత్తుననున్నది, చుట్టును అంతకు రెట్టింపు ఎత్తుగల శిఖరములు. విమానము కొండల మలుపుల వెంట ఒరుగుచు వచ్చి, నేల సమీపించువరకు రన్‌వే కంటబడకయే దిగవలెను గనుక, యంత్రముల కన్న చాలకుని కన్నులనే అచ్చట ఎక్కువగా నమ్ముదురు. నేపాళమునందలి లుక్లా మరియొక వింత. 1964లో ఎడ్మండ్ హిల్లరీ పూనికతో ఏర్పడిన ఆ రన్‌వే పొడవు 527 మీటర్లు. ఒక కొసన కొండ, రెండవ కొసన అగాధము. మిట్టవైపునకు దిగుదురు, పల్లమునకు పరుగిడి ఎగురుదురు. ఇంత సాహసమునకు జనులు టిక్కెట్లు కొని మరీ సిద్ధపడుటకు కారణమొక్కటే: అరగంటలో దాటు దూరము కాలినడకను దినములు పట్టును.

మన దేశమున వాయుదూత్ అను విమానసంస్థ పుట్టినదియు ఇట్టి అవసరముననే. ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్సు కలిసి 1981 జనవరిలో ఈశాన్య భారతపు కొండసీమలకై దానిని స్థాపించినవి. అది అచ్చటనే ఉండిన బాగుండెడిది! బల్లపరుపు నేలనున్న పట్టణములకును వ్యాపించి, బరువు మోయలేక, 1993లో ఇండియన్ ఎయిర్‌లైన్సున విలీనము చేయబడినది. ఓరుగల్లు చెంత నిజాము కాలపు మా మామునూరు విమానాశ్రయమున కూడ ఆ విమానములు కొన్నాళ్లు దిగినవి. కాని కాజీపేట జంక్షను ప్రక్కనే పెట్టుకొన్న ఓరుగల్లువానికి, రెండుగంటలలో సికింద్రాబాదు చేర్చు రైలును కాదని గగనమార్గము పట్టవలసిన అగత్యమేమి? ఆకాశము ఎంత విశాలమైనను చిన్న విమానసంస్థకు కూడు పెట్టునది క్రింది నేలయొక్క దుర్గమత్వమే. నేల సులభమైనచో ఆకాశము వ్యర్థవ్యయము.

శంషాబాదు విమానాశ్రయపు ఒప్పందమున 150 కిలోమీటర్లలోపల మరియొకటి రారాదను నిబంధన మామునూరును చిరకాలము బంధించినది. ఆ ముడి విడిపోయి, 2025 ఫిబ్రవరిలో కేంద్రము అనుమతించినది. సంతోషమే. దూరపు నగరములకు ఎగిరినచో నాలుగు కాలములు నిలుచును. హైదరాబాదుకే ఎగురుదుననినచో, తనిఖీ వరుసలో మనము నిలిచియుండగనే రైలు ఘట్‌కేసరు దాటిపోవును.

ఈ సీమలో నేల నిజముగా కఠినమైన చోటు మామునూరు కాదు, ములుగు, భూపాలపల్లి అడవులు. ఆ అడవులలోని మేడారము జాతర వచ్చినప్పుడు హనుమకొండ నుండి హెలికాప్టరు నడిపిరి. వేలకు వేలు చెల్లింపగలవారు దానినెక్కి, కోటిమంది బస్సులలోను బండ్లలోను పోవు త్రోవను పైనుండి చూచుచు అమ్మవార్ల గద్దెలకు పోయిరి. జాతర ముగిసిన మర్నాటికి అదియు లేదు. 2023 జూలైలో భూపాలపల్లి సీమలోని మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచగా, జనులు ఇండ్లపైకెక్కి చేతులూపుచుండగా, ఆ గ్రామమునకు హెలికాప్టర్లు పంపవలసివచ్చెను. టిక్కెట్టు లేకుండ ఆ అడవిసీమకు గగనయానము లభించుటకు అంతటి వరద రావలసివచ్చెనన్నమాట.