అమ్మకు సరిపడా వెలుగు

మొన్న సంక్రాంతికి గోస్పాడు వెళ్తే మా ఇల్లు పెళ్లి పందిరిలా వెలిగిపోతోంది. అన్నయ్య హాలు చుట్టూ ఎల్‌ఈడీ స్ట్రిప్ వేయించాడు. పిల్లలకు సంబరమే. కంటి ఆపరేషనైన అమ్మకే కష్టం. రాత్రిపూట లైటు వేస్తే కళ్లు చెదురుతాయి, వేయకపోతే గడప తగులుతుంది. అప్పటికే ఓసారి పడబోయి గోడ పట్టుకుని నిలదొక్కుకుందట.

నంద్యాలలో పాలిటెక్నిక్ చదువుతున్న అన్నయ్య కొడుకు ఓ ఉపాయం ఆలోచించాడు. ‘చిన్నాయనా, ఫోన్లోనే వెలుగు తగ్గిస్తా సూడు’ అంటూ అగ్గిపెట్టెంత బోర్డు తీశాడు. షాంఘైకి చెందిన ఎస్‌ప్రెసిఫ్ కంపెనీ 2014లో తెచ్చిన ఈఎస్‌పీ 8266 చిప్పు అందులో ఉంది. అది పనిచేసేది 3.3 వోల్టులతో. ఆ స్ట్రిప్ వెలిగేది గోడలోంచి వచ్చే 230 వోల్టులతో. నా గుండె ఝల్లుమంది.

చిన్నప్పుడు వినాయక చవితికి సీరియల్ సెట్లు కట్టేవాళ్లం. చిన్న బల్బులే కదా అని తెగిన వైరు ముట్టుకున్న నాన్న ఎగిరి వెనక్కి పడ్డాడు. ఆయన బొటనవేలి మీద మచ్చ చివరిదాకా పోలేదు. ఈ స్ట్రిప్‌దీ ఆ వంశమే. వరసగా కలిపిన చిన్న ఎల్‌ఈడీలు 230 వోల్టులను పంచుకుంటాయి. బల్బు చిన్నదే, తీగలో కరెంటు మాత్రం చిన్నది కాదు. గరిష్ఠంగా అది 325 వోల్టుల దాకా వెళ్తుంది.

మావాడు 12 వోల్టుల స్ట్రిప్‌కు చేసే పద్ధతిలోనే దీన్నీ కలపబోయాడు. అలా చేస్తే బోర్డు నేరుగా కరెంటు లైనుతో కలిసిపోతుంది. దానికి ల్యాప్‌టాప్ వైరు గుచ్చితే పట్టుకున్నవాడికీ షాకే!

‘ఫ్యాను రెగ్యులేటర్ పెడితే పోలా?’ అన్నాడు అన్నయ్య. మన కరెంటులో సెకనుకు 100 అర అలలు. ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ ప్రతి అలలోనూ కొంత ముక్క కోసేస్తుంది. డిమ్మింగ్‌కు పనికిరాని స్ట్రిప్‌ను దానికి తగిలిస్తే మిణుకుమిణుకుమంటుంది. అమ్మ కళ్లకు అదింకా ఇబ్బంది.

చివరికి ఊళ్లో వైరింగ్ చేసే పెద్దాయన్ను పిలిచాం. ‘పెద్ద కరెంటుకూ చిన్న కరెంటుకూ నడుమ గోడ ఉండాల నాయనా’ అన్నాడాయన. ఆ గోడ పేరు ఆప్టోకప్లర్. ఓ పక్క బుల్లి దీపం, రెండో పక్క దాన్ని చూసే కన్ను. కబురు వెలుగుగా దాటుతుంది తప్ప మధ్యలో తీగ ఉండదు. అలాంటి డిమ్మర్లు దొరుకుతాయి కానీ, వాటి 230 వోల్టుల వైపు బిగించాల్సింది మాత్రం ఎలక్ట్రీషియనే.

మేం అంతకన్నా తేలికైన దారి పట్టాం. హాల్లో 24 వోల్టుల స్ట్రిప్, దానికో మంచి అడాప్టర్. ఆ అడాప్టరే గోడ. ఇటువైపు మావాడి బోర్డు, మాస్‌ఫెట్ సాయంతో సెకనుకు వందలసార్లు లైటును ఆర్పి వెలిగిస్తుంది. ఆరి ఉండే సమయం పెరిగితే వెలుగు తగ్గుతుంది. పాత స్ట్రిప్ చివరలకు మూతలు పెట్టి, మామూలు స్విచ్చితో వరండాకు మార్చాం. మెయిన్ దగ్గర 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాం. వైఫై పోయినా ఇబ్బంది లేకుండా గోడ స్విచ్చినీ ఉంచాం.

ఆ రాత్రి పదింటికి హాల్లో వెలుగు పదోవంతుకు తగ్గింది. నీళ్లకు లేచిన అమ్మ గడప చూసుకుని దాటింది. ‘లైటంటే ఇట్లుండాలప్పా. మీ నాయనుంటే మురిసిపోయుండు’ అంది.

మావాడు నవ్వలేదు. తన బొటనవేలు చూసుకుంటున్నాడు.