పదమూడుకు ఒక పేరు

మా నంబులపూలకుంట 2022 ఏప్రిల్ 4 వరకు అనంతపురం జిల్లాలో ఉండేది. ఆనాడు ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలు 26 కాగా, మా మండలం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. కొండలు, వేరుసెనగ చేలు, సోలార్ పార్కు పలకలు ఎక్కడివక్కడే ఉన్నాయి. మారినది చిరునామాలో ఒక్క పంక్తి. ఆ పంక్తి నేను వ్రాసిన ప్రోగ్రాములోని పాత తప్పును బయటపెట్టింది. దాని ఫలితం అనుభవించినది మాత్రం నేను కాదు, మా ఊరి పిల్ల.

మేము కొందరు మిత్రులము కలిసి పేద విద్యార్థులకు నెలకు 1500 రూపాయలు పంపుతూ ఉంటాము. ఆ జాబితాల కోసం 2014లో, రాష్ట్ర విభజన తరువాత, జావాలో ఒక చిన్న ప్రోగ్రాము వ్రాశాను. జిల్లాల సంఖ్య అవసరమైన ప్రతిచోటా 13 అని వ్రాసుకుంటూ పోయాను. అంకెలను ఊరికే వదలక వాటికి పేర్లు పెట్టాలని ఆఫీసులో కొత్తవారికి చెప్పేవాడినే. ఇది ఇంటిపని కదా అని బద్ధకించాను.

కొత్త జిల్లాల పేర్లను పట్టిక చివర చేర్చి, 13ను 26గా మార్చడానికి కూర్చున్నాను. అన్నిటినీ ఒక్కసారిగా మార్చే వీలు లేదు. ఒకచోట 13 అంటే విద్యార్థికి ఉండవలసిన కనీస వయస్సు; దానినీ 26 చేస్తే బడిపిల్లలెవరూ మిగలరు! ఇది జిల్లానా, వయస్సా అని ఒక్కొక్కటే చూసి మార్చాను. ఒకటి తప్పిపోయింది. చెల్లింపుల జాబితా తయారుచేసే లూపు 13వ జిల్లా దగ్గరే ఆగిపోయింది. కంప్యూటరు కిక్కురుమనలేదు. కొత్త జిల్లాలలోకి వెళ్ళినవారు ముగ్గురే కావడంతో నేనూ గమనించలేదు. ఆ ముగ్గురూ మా మండలం పిల్లలే.

ఆగస్టులో ఊరి నుండి ఒక పెద్దాయన ఫోను చేశారు. "ఏమప్పా, మా మనవరాలికి రెండు నెలలనుంచీ లెక్క రాలేదే. మార్కులు తగ్గినాయని నిలిపేసినారా?" (మా వైపు డబ్బును లెక్క అంటారు.) తన వల్లనే ఆగిపోయిందనుకుని ఆ పిల్ల ఎవరికీ చెప్పలేదట.

ఆ రాత్రే ప్రోగ్రామును సరిచేశాను. వయస్సుకు 'కనీస_వయస్సు' అని పేరు పెట్టాను. జావాలో ఇటువంటి పేర్లను తెలుగు లిపిలోనే వ్రాసుకోవచ్చు. పేరు 'పదమూడు' అని పెడితే ప్రయోజనం లేదు. విలువ ఎంతో కాక, అది ఎందుకో చెప్పాలి. ఇక జిల్లాల సంఖ్యకు పేరు కూడా అక్కరలేదని అప్పుడు తోచింది. పట్టికలో ఎన్ని ఉన్నాయో పట్టికనే అడిగితే సరిపోయేది. జిల్లా పేర్లను కూడా స్థిరాంకాలుగా మార్చాను. కొటేషన్ల మధ్య 'సత్యసాయి'ని ఒకచోట విడదీసి, ఒకచోట కలిపి వ్రాస్తే కంపైలరు ఊరుకుంటుంది, రెండు జిల్లాలు పుట్టుకొస్తాయి. స్థిరాంకం పేరులో ఒక్క అక్షరం తప్పినా అక్కడికక్కడే ఆపేస్తుంది.

పేర్లు పెడితే ప్రోగ్రాము నెమ్మదిస్తుందని కొందరు జంకుతారు. ఒకప్పుడు నేనూ జంకాను. స్టాటిక్ ఫైనల్ అని ప్రకటించి అంకెను అక్కడే ఇస్తే, కంపైలరు పేరున్న చోటనల్లా ఆ అంకెనే పెడుతుంది. 24 × 60 × 60 అని వ్రాసినా నడిచేవేళ మిగిలేది 86400 మాత్రమే. అయితే ఒక మెలిక ఉన్నది: విలువ మారిస్తే, దానిని వాడుకొన్న ఫైళ్ళన్నిటినీ తిరిగి కంపైలు చేయాలి. లేకుంటే వాటిలో పాత అంకే నిలిచి ఉంటుంది.

మరునాడు బాకీపడిన 3000 రూపాయలు పంపి, పెద్దాయనకు ఫోను చేసి, మనవరాలికి ఇమ్మన్నాను. తప్పు నాదేననీ, మార్కులకు సంబంధం లేదనీ చెప్పాను. "అంతా ఆ పదమూడు వల్ల వచ్చిందమ్మా" అన్నాను.

అవతల కాసేపు మాట లేదు. తరువాత మెల్లగా అన్నది: "నాకిప్పుడు పద్నాలుగు సార్."