భయానికి రెండో భాగం

ఇక్కడ రాయబోయే సంగతి మా బంధువుల్లో ఎవరికీ తెలియదు. వాళ్ళెవరూ ఈ పత్రిక తెప్పించుకోరన్న ధైర్యంతోనే రాస్తున్నాను.

యాభై అయిదేళ్ళ మనిషి, బ్యాంకులో ఆఫీసరు, పొద్దున్నే దేవుడికి దీపం పెట్టిగానీ గడప దాటనివాడు, శనివారం రాత్రి భోంచేసి ఏం చూస్తూ కూర్చుంటాడనుకుంటున్నారు? పాత ఘంటసాల పాటలు వింటాడనో, ప్రవచనం పెట్టుకుంటాడనో మా చుట్టాల నమ్మకం. నేను చూసేవి అమెరికా వాళ్ళ కత్తి సినిమాలు. మొహానికి ముసుగు తగిలించుకున్న ఒకడు కాలేజీ పిల్లల్ని వెంటాడి ఒక్కొక్కరినే చంపుకుంటూ పోతాడు. అదే కథ. అందులోనూ మొదటి భాగాలు కావు నాకు ఇష్టం. నాలుగోది, ఆరోది, ఏడోది. హిచ్‌కాక్ 1960లో తీసిన 'సైకో' చూశానంటే సాహిత్య సభలో కూడా తలలూపుతారు. 'ఫ్రైడే ది థర్టీన్త్' ఆరో భాగం చూశానంటే పక్క కుర్చీ ఖాళీ అవుతుంది.

ఈ రోగం అనంతపురంలో బి.కాం. చదివే రోజుల్లో పట్టుకుంది. హాస్టల్లో తలా అయిదు రూపాయలు వేసుకుని కలర్ టీవీ, వీడియో డెక్కు, మూడు క్యాసెట్లు అద్దెకు తెచ్చేవాళ్ళం. రెండు తెలుగువి, ఒకటి ఇంగ్లీషుది. ఇంగ్లీషుది ఎప్పుడూ ఆఖర్న పెట్టేవాళ్ళు, రాత్రి రెండు దాటాక. అప్పటికి సగంమంది నిద్రపోయేవాళ్ళు. మిగిలిన వాళ్ళం ఒకే దుప్పటి కింద ఇరుక్కుని చూసేవాళ్ళం. అది ముగిశాక వరండా చివర కుళాయి దాకా ఒంటరిగా వెళ్ళగల మగవాడు మా హాస్టల్లో లేడు.

ఆ భయం మాకు అంతకుముందే అలవాటు. బడిలో ఉండగా ఇంట్లో ఆడవాళ్ళు చదివి దాచిన యండమూరి 'తులసిదళం' దొంగతనంగా చదివి, దానికి కొనసాగింపుగా వచ్చిన 'తులసి' కూడా చదివి, వేపచెట్టు కిందుగా పోవడం మానుకున్న తరం మాది. ఆ రెండో నవల్నే 1986లో 'కాష్మోరా' పేరుతో సినిమాగా తీశారు. కాబట్టి భయానికి రెండో భాగం ఉంటుందన్న సంగతి మాకు అమెరికా నేర్పలేదు.

కామర్స్ చదివినవాణ్ణి కనుక ఈ సినిమాల వెనక లెక్క నాకు ముందు కనిపించింది. జాన్ కార్పెంటర్ 1978లో 'హాలోవీన్'ను మూడు లక్షల పైచిలుకు డాలర్లతో తీశాడు. హాలీవుడ్ లెక్కలో అది చిల్లర. హంతకుడి ముసుగు కూడా అంగట్లో కొన్నదే. 'స్టార్ ట్రెక్' కెప్టెన్ కిర్క్ మొహం ముసుగుకి తెల్లరంగు పూసి, కళ్ళ రంధ్రాలు పెద్దవి చేశారు. పెట్టుబడి ఎన్నో రెట్లయి తిరిగొచ్చింది. రెండేళ్ళకు 'ఫ్రైడే ది థర్టీన్త్' వచ్చింది. 1984లో వచ్చిన దాని నాలుగో భాగానికి 'ఆఖరి అధ్యాయం' అని పేరు పెట్టారు. మరుసటి ఏడాదే అయిదోది వచ్చింది. 1993లో 'ఆఖరి శుక్రవారం' అన్నారు. దాని తరువాత మరో మూడు వచ్చాయి. 2009 నాటికి మొత్తం పన్నెండు. రద్దు చేసిన బాకీదారు కొత్త చొక్కా వేసుకుని మళ్ళీ అప్పుకోసం కౌంటరు ముందు నిలబడినట్టు, జేసన్ ప్రతిసారీ లేచి వస్తాడు. మా బ్రాంచిలో అలాంటి జేసన్లను నేను చాలామందిని చూశాను.

ఈ తరువాతి భాగాల్లో సుఖం ఏమిటంటే, అన్నీ ముందే తెలుసు. ఎవడు ఒంటరిగా గోదాములోకి వెళతాడో, ఏ కారు స్టార్టు కాదో, ఏ పిల్ల చివరిదాకా మిగులుతుందో తెలుసు. బ్యాంకులో రోజంతా తెలియని భయాలు. ఆడిట్‌లో ఏం బయటపడుతుందో, ఏ సంతకం ఎక్కడ తేడా కొడుతుందో తెలియదు. ఇక్కడ భయానికి కూడా ఒక టైంటేబుల్ ఉంది. గంటన్నరలో ముగుస్తుంది. ఆపైన హాయిగా నిద్ర పడుతుంది. ఇదంతా నన్ను నేను సమర్థించుకోవడానికి చెప్పుకున్న మాట. చాలా ఏళ్ళు చెల్లింది కూడా.

చెల్లకుండా చేసింది మా అమ్మాయి. ఇంజనీరింగులో చేరిన ఏడాది ఒక రాత్రి మంచినీళ్ళకు లేచి వచ్చి, నా వెనక నిలబడి కాసేపు చూసింది. తెరమీద ఒక పిల్ల చచ్చిపోయింది. "నాన్నా, ఆ అమ్మాయిది నా వయసే. నువ్వెలా చూడగలుగుతున్నావు?" అంది. కోపంగా అనలేదు, తెలుసుకోవాలని అడిగింది. నాకు జవాబు దొరకలేదు. టీవీ కట్టేశాను. మర్నాడు శనివారం కాకపోయినా తనే వచ్చి, "నిన్నటిది మిగిలింది పెట్టు, చూద్దాం" అంది. అలా ఇద్దరం చూడటం మొదలైంది. మా ఆవిడ మాత్రం తలుపు వేసుకుని పడుకునేది.

అమ్మాయి ప్రశ్న మనసులో ఉండటంవల్ల కాబోలు, అప్పటినుంచి నేను తెరమీద పెద్దవాళ్ళను వెతకసాగాను. ఈ సినిమాల్లో తల్లిదండ్రులు ఎక్కడున్నారు? ఊళ్ళో ఉండరు, ఉన్నా తాగి ఉంటారు, లేదా పిల్లలు చెప్పేది నమ్మరు. ఇంకొంచెం లోపలికి చూస్తే, అసలు దోషం వాళ్ళ దగ్గరే మొదలవుతుంది. మొదటి 'ఫ్రైడే'లో హంతకుడు జేసన్ కాదు, వాడి తల్లి. కనిపెట్టుకుని ఉండవలసినవాళ్ళు ఉండక తన బిడ్డ సరస్సులో మునిగిపోయాడన్న కసి ఆమెది. వెస్ క్రేవెన్ 1984లో తీసిన 'ఎ నైట్‌మేర్ ఆన్ ఎల్మ్ స్ట్రీట్' ఇంకా స్పష్టం. పసిపిల్లల్ని చంపిన ఫ్రెడ్డీ చట్టంలో ఏదో లొసుగువల్ల విడుదలైతే, ఆ వీధి తల్లిదండ్రులే వాణ్ణి తగలబెట్టి, ఆ సంగతి పిల్లలకు చెప్పకుండా దాస్తారు. వాడు ఏళ్ళ తరువాత ఆ పిల్లల కలల్లోకి వస్తాడు. మన తులసి కూడా అంతే కదా. పెద్దల ఆశలకు చేతబడి జరిగింది పసిదాని మీద. అప్పు చేసింది ఒకరు, జామీను నిలబడింది మరొకరు. ఆ జామీనుదారుకు తాను సంతకం పెట్టానని కూడా తెలియదు.

ఈ వ్యాఖ్యానం మా అమ్మాయికి చెబితే, "బాగుంది నాన్నా, కానీ ఇదంతా వాళ్ళ నాన్నల గురించి. మా నాన్న సంగతేమిటి?" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ మాట తరువాత తిరిగి వచ్చింది.

చదువయ్యాక ఆమెకు మా కుందలహళ్ళికి దగ్గర్లోనే, బ్రూక్‌ఫీల్డులో ఉద్యోగం వచ్చింది. 2024 మార్చి 1, శుక్రవారం. మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో బ్రూక్‌ఫీల్డు రామేశ్వరం కేఫ్‌లో పేలుడు జరిగిందని బ్రాంచిలో ఎవరో అన్నారు. మొదట గ్యాస్ సిలిండరు అన్నారు. సాయంత్రానికి అది బాంబని తేలింది. మా అమ్మాయి, ఆమె స్నేహితులు వారంలో రెండుసార్లయినా అక్కడ తినేవాళ్ళు. ఫోను చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. నా ముందు ఒక పెద్దాయన ఫిక్సెడ్ డిపాజిట్ కాగితాలతో కూర్చుని ఉన్నాడు. ఆయన ఏం అడిగాడో, నేనేం చెప్పానో నాకు గుర్తులేదు. నలభై నిమిషాల తరువాత ఆమే చేసింది. మీటింగులో ఉందట, ఫోను సైలెంటులో పెట్టిందట. ఆ రోజు టిఫిన్ డబ్బా పట్టుకెళ్ళిందట.

ఆ పేలుడులో పదిమంది దాకా గాయపడ్డారు. ప్రాణం ఎవరిదీ పోలేదు. టోపీ, మాస్కు పెట్టుకున్న ఒక మనిషి వచ్చి, ఇడ్లీ తీసుకుని, చేతులు కడుక్కునే చోటి దగ్గర సంచి వదిలి వెళ్ళిపోయిన దృశ్యాలు టీవీలో పదేపదే చూపించారు. నేను రెప్పవేయకుండా చూశాను. నలభై ఏళ్ళుగా ముసుగు మనుషుల్ని చూస్తున్న నాకు ఆ ముసుగులో భయపెట్టేది ఏమీ కనిపించలేదు. కోవిడ్ తరువాత అలాంటి మనిషి మన మెట్రోలో, మన లిఫ్టులో, మన క్యూలో రోజూ ఉంటాడు. సంగీతం మారదు, దీపాలు ఆరవు. ఇడ్లీ తింటున్న వాళ్ళలో ఒక్కరూ తలెత్తి చూడలేదు. నేనున్నా చూసేవాణ్ణి కాను.

ఆ వారం సినిమా పెట్టలేదు. ఆపై వారమూ పెట్టలేదు. కానీ నేను చేసిన పనులు కొన్ని ఉన్నాయి. అమ్మాయి ఎక్కడుందో నా ఫోనులో కనిపించేలా ఏర్పాటు చేయించాను. బయట తినొద్దన్నాను. మెట్రో వద్దన్నాను, తరువాత క్యాబు కూడా వద్దన్నాను. తొమ్మిది దాటితే నేనే స్కూటరు మీద వెళ్ళి ఆమె ఆఫీసు గేటు దగ్గర నిలబడేవాణ్ణి. ఆ కేఫ్ వారం రోజులకే మళ్ళీ తెరుచుకుంది, జనం మళ్ళీ బారులు తీరారు. నా గేటు కాపలా మాత్రం మూడు నెలలు నడిచింది. అమ్మాయి ఏమీ అనలేదు. అనకపోవడాన్ని నేను ఒప్పుకోవడమనుకున్నాను.

జూన్‌లో ఒక రాత్రి తనే టీవీ ముందు కూర్చుని 'ఎల్మ్ స్ట్రీట్' పెట్టింది. "ఇది చూశాం కదమ్మా" అన్నాను. "మళ్ళీ చూడు" అంది. నాన్సీ తల్లి భయపడి ఇంటి కిటికీలన్నిటికీ ఇనుప చువ్వలు వేయిస్తుంది. తలుపుకు తాళం వేసి తాళంచెవి దాచేస్తుంది. బయటినుంచి ఎవడూ రాలేడు, నిజమే. కానీ వాడు రావలసింది బయటినుంచి కాదు. ఆఖరి రాత్రి ఆ పిల్ల చువ్వలు పట్టుకుని ఎదురింట్లో ఉన్న తండ్రి కోసం అరుస్తుంది. అక్కడ అమ్మాయి బొమ్మ ఆపింది. "నాన్నా, మన కిటికీలు లెక్కపెట్టుకో" అంది.

నాకు కోపం వచ్చింది. వాదించాను. 2018లో వచ్చిన 'హాలోవీన్' నా సాక్ష్యం. మొదటి సినిమాలో తప్పించుకున్న లారీ అందులో ముసలిదవుతుంది. మళ్ళీ వస్తాడని నలభై ఏళ్ళు తుపాకీలు పెట్టుకుని, ఇల్లు కోటలా కట్టుకుని కూర్చుంటుంది. అందరూ పిచ్చిదంటారు. వాడు వస్తాడు. "చూశావా, ఆమె భయమే నిజమైంది" అన్నాను. అమ్మాయి తాపీగా అంది: "నిజమైంది. కానీ పన్నెండేళ్ళప్పుడు ఆవిడ కూతుర్ని అధికారులు తీసుకెళ్ళిపోయారు, గుర్తుందా? వాడు రావడానికి ఎన్నో ఏళ్ళ ముందే కూతురు పోయింది."

ఆ రాత్రి నిద్రపట్టలేదు. నాకు ఎప్పుడూ ఇష్టమైన రెండో భాగాలు ఏం చెబుతూ వచ్చాయో అప్పుడు ఆలోచించాను. మొదటి భాగంలో బతికినంత మాత్రాన బతికినట్టు కాదు. 1981లో వచ్చిన 'ఫ్రైడే' రెండో భాగం మొదట్లోనే, మొదటిదాంట్లో బతికి బయటపడ్డ అమ్మాయిని చంపేస్తారు. కుర్రతనంలో అది నాకు మోసమనిపించింది. ఇప్పుడు కాదు. భద్రత అనేది ఎవరూ పూర్తిగా చెల్లించి రసీదు తీసుకోగల బాకీ కాదు. నలభై నిమిషాలు ఫోను ఎత్తకపోతే నేను పడ్డ భయం నాది. దాన్ని అమ్మాయి మెడకు జామీనుగా తగిలించాను. ఆమె సంతకం కూడా అడగలేదు.

మర్నాడు నా ఫోనులోంచి ఆ ఏర్పాటు తీయించేశాను. తీసిన మొదటి వారం నేనెలా గడిపానో మా ఆవిణ్ణి అడగాలి.

మొన్న శనివారం అమ్మాయి స్నేహితులతో ఊళ్ళోకి వెళ్ళింది, ఆఖరి మెట్రోకి వస్తానంది. వైట్‌ఫీల్డు రైలు మొదలైంది 2023 మార్చిలో. కుందలహళ్ళి స్టేషన్ మా ఇంటికి నడక దూరమే. నేను ఏడో 'ఫ్రైడే' పెట్టుకున్నాను, 1988ది. దాని చివర ఒక విచిత్రం ఉంది. ఎప్పుడో ఆ సరస్సులోనే మునిగి చనిపోయిన తండ్రి ఉన్నట్టుండి నీళ్ళలోంచి లేచి, కూతురి మీదికి వస్తున్న జేసన్‌ను అడుగుకు లాక్కుపోతాడు. హాస్టల్లో ఆ సీను వస్తే అందరం పడీపడీ నవ్వేవాళ్ళం. చచ్చినవాడు ఇన్నేళ్ళూ ఏం చేస్తున్నాడ్రా అని.

గేటు చప్పుడు విన్నాను. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళలేదు. చెప్పులు విప్పిన శబ్దం, తలుపు శబ్దం.

"వచ్చావా తల్లీ?"

"వచ్చా. ఎన్నోది నాన్నా?"

"ఏడోది."

"వాడింకా చావలేదా?" అంటూ వచ్చి పక్కన కూర్చుంది.