మత్తు డాక్టరు అడిగిన ప్రశ్న

"అమ్మా, మీరు వైశ్యులా?"

గాల్‌బ్లాడర్ ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టరు అమ్మని అడిగిన మొదటి ప్రశ్న ఇది. నాకు ఒళ్లు మండింది. ఇక్కడ కూడా కులమేనా? అమ్మ మాత్రం, అద్దె ఇంటి ఓనరుకి చెప్పినంత మామూలుగా, "అవునండీ" అంది.

ఆయన భయం ఒక మందు గురించి. గొంతులోకి గొట్టం వేసేముందు కండరాలు సడలడానికి సక్సినైల్‌కోలిన్ ఇస్తారు. రక్తంలోని బ్యూటిరైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ దాన్ని నిమిషాల్లో విరిచేస్తుంది. ఆ ఎంజైమ్ జన్యువు రెండు కాపీల్లోనూ చెడితే ఆ నిమిషాలు గంటలవుతాయి. ఊపిరి తీసే కండరాలు కూడా కదలవు, వెంటిలేటరే దిక్కు. తెలుగు వైశ్యుల్లో ఈ మార్పు మామూలు కంటే చాలా ఎక్కువ. అమ్మకి టెస్టు చేశారు. ఎంజైమ్ దాదాపు లేదు. వేరే మందు వాడారు, మూడో రోజుకి ఇంటికొచ్చేసింది. తర్వాత చేయించిన జన్యు పరీక్షలో రెండు కాపీల్లోనూ అదే మార్పు. మారింది ఒక్క అక్షరం.

అక్షరాలు మారడం వింతేం కాదు. పుట్టే ప్రతి బిడ్డలోనూ తల్లిదండ్రుల్లో లేని కొత్త మార్పులు 60-70 దాకా ఉంటాయి. ఎక్కువశాతం వాటితో ఏమీ కాదు. మరి ఈ ఒక్కటి మా వాళ్లలోనే ఎందుకు పేరుకుపోయింది?

హైదరాబాద్ సీసీఎంబీ నుంచి లాల్జీ సింగ్, తంగరాజ్, హార్వర్డ్ నుంచి డేవిడ్ రైక్ కలిసి 2009లో నేచర్‌లో ప్రచురించిన అధ్యయనంలో జవాబు దొరికింది. ఇవాళ లక్షల్లో ఉన్న వైశ్యులు రెండు మూడు వేల ఏళ్ల కిందటి చిన్న గుంపు నుంచి వచ్చినవాళ్లు. ఆ తర్వాత బయటివాళ్లు కలిసింది చాలా తక్కువ. ఆ గుంపులో ఎవరిలోనో ఉన్న అక్షరదోషం అలా కాపీ అవుతూ వచ్చింది. ఇదే బృందంలోని వాళ్లు 2013లో ఇంకో మాట చెప్పారు: సుమారు 4200 నుంచి 1900 ఏళ్ల కిందటి వరకు ఈ దేశంలో జనాలు విపరీతంగా కలిసిపోయారు. తర్వాతే తలుపులు మూసుకున్నారు. మనం 'అనాదిగా' అనుకునేది నిజానికి మధ్యలో మొదలైంది.

మా ఇంట్లో గోత్రం వేరైతే రక్తం వేరనే లెక్క. 102 గోత్రాలు, ఇంకేం కావాలి? కానీ గోత్రాలు ఎన్నున్నా పాత గుంపు ఒకటే.

అమ్మలో రెండు కాపీలూ అవే కాబట్టి నాలో, చెల్లిలో ఒకటి ఖాయం. చెల్లికి సంబంధాలు చూస్తున్నారు. అబ్బాయిలోనూ ఒకటుంటే, పుట్టే ప్రతి బిడ్డకీ నాలుగింట ఒక వంతు అవకాశం. ఆ మాట అటువాళ్లకి చెబుదామన్నాను.

"మన పిల్లకి లోపముందని మనమే చెప్పుకుంటామా?" అంది అమ్మ.

"లోపం కాదమ్మా. ఆపరేషన్ లేకపోతే జన్మలో తెలిసేది కూడా కాదు."

అమ్మ మాట్లాడలేదు. ఆ రాత్రి పిన్నితో ఫోన్లో మాత్రం అంటోంది: "నువ్వూ ఆ టెస్టు చేయించుకోవే. పిల్లలకీ చేయించు. కాగితం పర్సులో పెట్టుకో."

చెల్లి బయోడేటాలో గోత్రం గడి ఇంకా అలాగే ఉంది. దాని కింద ఈ సంగతి రాయాలా వద్దా అని ఇంట్లో ఇంకా తేలలేదు.