బోర్డు కోసేసిన ఫోటో

"మొఖం రాకుండ దియ్యే అన్నా."

బొంబాయి కామాటిపుర గల్లీల్లో కెమెరా పట్టుకుని తిరిగే నాకు అందరికంటే ఎక్కువగా ఈ మాట చెప్పింది ఇరవై ఏళ్ల కుర్రాళ్లే. నా బతుకు పెళ్లిళ్లూ బోనాల ఫోటోల మీద నడుస్తుంది. వీధి ఫోటోలు నా కోసం తీసుకునేవి.

నిజాం ఇలాకా నుంచి వలస వచ్చి బొంబాయి కట్టడాలకు మట్టీ రాయీ మోసిన కూలీలు కామాటీలు. వాళ్ల పేరే ఈ పేటకు వచ్చింది. తరవాత తెల్లవాళ్ల కాలంలో ఇక్కడ వేశ్యావాటిక పెరిగింది. నగరం కూలీలను మరిచి అదొక్కటే గుర్తుపెట్టుకుంది. అందుకే మా కుర్రాళ్లు ఎక్కడుంటావని అడిగితే "గ్రాంట్ రోడ్ దగ్గర" అంటారు. చిరునామా దాచుకుని బతకడం కన్నా పెద్ద ఒంటరితనం నేను చూడలేదు.

అమెరికా ఫోటోగ్రాఫర్ మేరీ ఎలెన్ మార్క్ పక్కనే ఉన్న ఫాక్‌లాండ్ రోడ్డులో వేశ్యల ఫోటోలు తీసే పని 1978లో మొదలుపెట్టింది. అంతకు ముందు చాలాసార్లు వచ్చి తిట్లు తిని, చెత్త వేయించుకుని వెనక్కి పోయింది. పుస్తకం 1981లో వచ్చింది. ఆమె ఓపిక ముందు నేను తల వంచుతాను. కానీ ఆ ఆడవాళ్ల గుమ్మాల వైపు నేను కెమెరా ఎత్తను. రేపు పొద్దున పాల దుకాణం దగ్గర వాళ్లకు మళ్లీ ఎదురుపడవలసినవాణ్ణి.

నాది 35 ఎంఎం లెన్స్. దూరం నుంచి దొంగచాటుగా తీయడానికి అది పనికిరాదు, దగ్గరికి పోవాల్సిందే. రాత్రి పది దాటాక చాల్, అంటే వరస గదుల మేడ, గ్యాలరీలో ఒక్క ట్యూబ్‌లైటే ఉంటుంది. ఐఎస్‌ఓ 3200, షట్టర్ సెకనులో అరవయ్యో వంతు, మోచేతులు పక్కటెముకలకు ఆనించి ఊపిరి బిగపడతాను. ఫ్లాష్ వేయను, కింద వరసగా జనం పడుకుని ఉంటారు. వర్లీలోని పాత బీడీడీ చాళ్లలో గది 160 చదరపు అడుగులు ఉండేది, ఇక్కడ అంతకన్నా ఇరుకు గదులున్నాయి. ఆరుగురు పడుకునే చోట ఏడోవాడు గ్యాలరీలో గోడవైపు తిరిగి, ఫోన్‌లో గుసగుసగా మాట్లాడుతుంటాడు. వాడికి మిగిలిన చాటు వాడి వీపే. ఇన్నేళ్లలో నేను తీసినవి ఎక్కువగా వీపులు.

పాలమూరు వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు ప్లాస్టరింగ్ పని చేసేవాడు. భుజాల మీద సిమెంటు మరకలతో గల్లీ మొదట్లో నిలబడి ఉంటే వెనక నుంచి తీశాను. ప్రింటు పెద్దది చేసి తీసుకెళ్లి ఇచ్చాను. చాలాసేపు చూశాడు. పైన దుకాణం బోర్డు మీద పేట పేరు ఉంది.

"బాగుందన్నా. గా పేరు కోసెయ్యి. అమ్మకు నేను బైకల్లల ఉంటున్ననని చెప్పిన."

నాకు మనసొప్పలేదు. ఆ పేరు మన తాతల చెమటదని చెప్పాలనిపించింది. ఊళ్లో ఉన్న తల్లికి ఆ మాట నేను చెప్పలేను కదా. రెండో రోజు బోర్డు లేకుండా చిన్న ప్రింటు తీసి ఇచ్చాను. జేబులో పెట్టుకున్నాడు. మొదటిది తిరిగి తీసుకోబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"గిది ఉండనియ్యే అన్నా. నా పెట్టెల పెట్టుకుంట."