ఉప్పుగాలిలో అంబాసిడరు

బందరు వైపు కాపురం వున్నవారికి ఉప్పు సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. గోడకు వేసిన సున్నం పొక్కులు లేస్తుంది. కిటికీ ఊచలు పొరలు పొరలుగా రాలతాయి. కొత్త సైకిలు గొలుసు రెండు వానాకాలాలు తిరిగేసరికి ముసలిదవుతుంది. దిగువ కృష్ణా డెల్టాలో కనుచూపు మేర వరిచేలు చూసి మురిసిపోయే బాటసారికి ఆ పచ్చదనం వెనకాలే సముద్రం కాచుకొని వుందని వెంటనే తట్టదు. అటువంటిచోట ఏభై ఏళ్ళు దాటిన మోటారు కారుకు కొత్త రంగు వేయించాలని బయలుదేరడం సాహసమో, ఛాదస్తమో మీరే చెప్పాలి.

మాది 1972 నాటి మార్క్ టూ అంబాసిడరు. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో హిందూస్థాన్ మోటార్స్ వారు 1950ల చివర మొదలుపెట్టి, 2014 దాకా చేసిన బండి అది. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డు దానికి తల్లి. గుడివాడలో ధాన్యం వ్యాపారం చేసిన మా నాన్నగారు దానిని కొడుకుల కంటె భద్రంగా చూసుకొన్నారని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. అంత మురిపెంగా చూసుకొన్న కారునే 1977లో బురదలోకి దింపారు.

ఆ సంవత్సరం నవంబరు 19న దివిసీమ మీద విరుచుకుపడిన ఉప్పెనను గురించి ఈ ప్రాంతంలో ఏ ఇంట అడిగినా చెబుతారు. పదివేల మందికి పైగా పోయారు. మా అమ్మ పుట్టిల్లు నాగాయలంక వైపు. దారి తెరిచారని తెలియగానే నాన్నగారు డిక్కీలోనూ వెనక సీటులోనూ బియ్యం బస్తాలు వేసుకొని, ముందు సీటులో అమ్మను కూర్చోబెట్టుకొని, రోడ్డు వున్నంతమేరకు వెళ్ళారు. ఆ తరువాత నడిచారు. అక్కడ ఎవరు మిగిలారో, ఎవరు మిగలలేదో అమ్మ మాకు వివరంగా ఎన్నడూ చెప్పలేదు. ఏటా కార్తీకంలో ఒక రోజు మాత్రం ఆవిడ అన్నం ముట్టదు.

నాన్నగారు పోయాక కారు షెడ్డులో పడివుంది. మా బావమరిది లెక్కల మనిషి. “తుక్కు కింద తూకానికి ఇచ్చెయ్యండి బావగారూ, షెడ్డు ఖాళీ అవుతుంది” అన్నాడు. ఆయన మాటా కొట్టివేయదగ్గది కాదు. పాత బండిని రోడ్డు మీద తిప్పాలంటే పదిహేనేళ్ళ తరువాత అయిదేళ్ళకొకసారి రిజిస్ట్రేషను తిరగరాయించుకోవాలి, తనిఖీకి నిలబెట్టాలి. ఏభై ఏళ్ళు దాటిన బండ్లకు 2021లో ‘వింటేజి’ అని వేరే వరస నెంబర్లు పెట్టారు గాని, ఆ మర్యాద పుచ్చుకొంటే ప్రదర్శనలకూ ఊరేగింపులకూ తప్ప రోజువారీగా తిప్పే వీలు లేదు. పెళ్ళికొడుకును చేసి గదిలో కూర్చోబెట్టినట్టన్నమాట!

ఇంతలో అమ్మ ఒక మాట అంది. “ఒరే అబ్బాయ్, వచ్చే మాఘ పౌర్ణమికి నన్ను మన కారులో హంసలదీవి తీసుకువెళ్తావా?” మాఘ పౌర్ణమికి కృష్ణ సముద్రంలో కలిసేచోట స్నానాలకు జనం వస్తారు. ఆవిడకు ఎనభై నాలుగేళ్ళు. ఇక మా బావమరిది మాట్లాడలేదు.

గుడివాడలో రేకు పనిచేసే మేస్త్రీగారిని పిలుచుకువచ్చాను. నేను కొత్త రంగుల అట్ట చేతిలో పట్టుకొని వున్నాను. ఆయన దానివంక చూడనైనా లేదు. జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి, గుడ్డముక్కలో చుట్టి, బండి వొళ్ళంతా తాకిస్తూ తిరిగారు. కొన్నిచోట్ల అది టక్కున అతుక్కొంది. తలుపుల అడుగు అంచుల దగ్గర, చక్రాల పైన మడ్‌గార్డుల దగ్గర జారి కిందపడింది. “ఇక్కడ రేకు లేదండి, లప్పం వుంది” అన్నారు. ఎప్పుడో ఎవరో తుప్పు తియ్యకుండా దాని మీదనే దళసరిగా లప్పం మెత్తి, నున్నగా రుద్ది, రంగు కొట్టేశారు. పైకి నిగనిగలాడుతూనే వుంది. లోపల మాత్రం లప్పం తడి పీలుస్తూ, తుప్పు మేస్తూ వచ్చింది.

తరువాత ఆయన కాళ్ళకింది రబ్బరు పట్టా ఎత్తి, స్క్రూడ్రైవరు మొనతో నేలరేకును పొడిచారు. మొన అవతలికి దిగింది. లారీకి వున్నట్టు అంబాసిడరుకు కింద పూర్తి ఛాసిస్సు వుండదు. ఆ రేకుల పెట్టే బరువంతా మోస్తుంది. నేలరేకు పోయిందంటే ఇంటికి దూలం పుచ్చినట్టే.

“బాబుగారూ, రెండు దారులున్నాయి” అన్నారు మేస్త్రీగారు. “పైన లప్పం పెట్టి పది రోజుల్లో మెరిపించి ఇస్తాను. పౌర్ణమికి అమ్మగారు వెళ్ళి రావచ్చు. లేదంటే కుళ్ళిందంతా కోసి కొత్త రేకు వెయ్యాలి. దానికి రెండు నెలలు పడుతుంది, పండగ దాటిపోతుంది.”

ఏం చెప్పాలో నాకు తోచలేదు. ఎనభై నాలుగేళ్ళ మనిషిని “వచ్చే ఏటికి” అనడం ఎంత కష్టమో పెద్దవాళ్ళున్న ఇళ్ళవారికి తెలుసు. అమ్మ వరండాలోంచి అంతా వింటోంది. “పుచ్చిన నేల మీద కాళ్ళు పెట్టుకొని నేను ఎక్కడికీ రాను. సముద్రం ఎక్కడికి పోతుంది? కోయించు” అంది. అంతే. ఆ మాఘ పౌర్ణమి ఇంట్లోనే జరిగిపోయింది. ఆ రోజు ఆవిడ పొద్దున్నే తలంటుకొని, షెడ్డు దాకా నడిచివచ్చి, పని ఎంతవరకు వచ్చిందో చూసి వెళ్ళింది.

రేకుపని చూడడం నాకు అదే మొదలు. కుళ్ళిన భాగం అంచు వరకే కోస్తే చాలదు. గట్టి రేకు తగిలేదాకా కొయ్యాలి. అట్టతో నమూనా కత్తిరించి, ఆ కొలతకు కొత్త రేకు కోసి, సుత్తితోనూ ఇనప దిమ్మతోనూ వంపు తీసి, చుక్క చుక్కగా అతుకు వెయ్యాలి. ఒకేచోట ఏకధాటిగా కాలిస్తే రేకు వేడికి అప్పడంలా మెలి తిరుగుతుంది. గుమ్మం కింద గొట్టంలా వుండే భాగం కోసినప్పుడు లోపల గట్టిపడిన బురద బయటపడింది. మేస్త్రీగారు దానిని ఒక డబ్బాలోకి తీసి పెట్టారు. ఏ వానాకాలం బురదో, ఏ ఊరి బురదో ఎవరు చెప్పగలరు? అమ్మ ఆ డబ్బా కొంతసేపు చేతిలో పట్టుకొని చూసి, తులసికోట పక్కన పోసింది. నేను ఏమీ అడగలేదు.

కొత్త రేకుకు వెంటనే ప్రైమరు పట్టించారు. మన గాలిలో ఒట్టి రేకును ఒక్క రాత్రి వదిలితే తెల్లవారేసరికి పసుపు పూసినట్టు తుప్పు మొదలవుతుంది. ఆ ఎర్రమట్టి రంగు వంటితోనే కారు బందరుకు బయలుదేరింది. దారిలో గుడ్లవల్లేరు, కవుతరం, పెడన. రోడ్డు మీద పిల్లలు చూసి నవ్వారు.

పెడనలో కలంకారీ వేసే తెలిసినవారింట్లో కాసేపు ఆగాము. అచ్చులు అద్దే ముందు గుడ్డను ఉతికి, గంజి వదలగొట్టి, కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరవేస్తారు. ఆ పని సరిగా జరగకపోతే ఎంత మంచి రంగూ నిలవదట. మా మేస్త్రీగారి మాటా అదే కదా అనుకొన్నాను. ఇంకొక తమాషా విన్నాను. కలంకారీలోని ఆ నల్లరంగు ఎక్కడిదనుకొన్నారు? తుప్పుపట్టిన ఇనప ముక్కలను బెల్లం నీళ్ళలో రోజుల తరబడి ఊరవేసి తీసిందే. కరక్కాయ పట్టించిన గుడ్డమీద అది పడగానే నల్లబడుతుంది. నా కారును తిన్న తుప్పు ఇక్కడ చీరె అంచు మీద తీగలూ పువ్వులూ అయి కూర్చుంది!

బందరు చిలకలపూడి రోల్డుగోల్డు నగలకు పేరుపడింది. రాగి మీదో ఇత్తడి మీదో పలచని బంగారు పొర ఎక్కించడం అక్కడి విద్య. కింది లోహానికి జిడ్డుగాని మైలగాని వుంటే బంగారం కూడా పట్టదు, పొరలై లేచిపోతుంది. కారుకు రంగు వేసే మేస్త్రీగారి షెడ్డు ఆ ఊళ్ళోనే కావడం నాకు సబబుగానే తోచింది.

ఆయన ముందుగా గాలిని చూశారు. తెల్లవారి మంచు విడిచేదాకా రంగు ముట్టుకోరు. పొద్దున పదింటికి మొదలుపెట్టి మూడింటికల్లా ముగించేవారు. థిన్నరు ఆరిపోతూ రేకును చల్లబరుస్తుంది. గాలిలో తేమ వుంటే ఆ చల్లదనానికి రంగు మీద సన్నని నీటిపొర పేరుకొని తెల్లగా పాలిపోతుంది. అందుకే సముద్రపుటూళ్ళలో వానాకాలం ఈ పని పెట్టుకోకూడదు. లప్పం వద్దని కాదు. గోరంత మందాన, గట్టి రేకు మీద, ఎత్తుపల్లాలు సరిచేయడానికి మాత్రమే వుండాలి. దానిని నీటికాగితంతో, ముందు గరుకుది, తరువాత మెత్తనిది పెట్టి రుద్దుతారు. కళ్ళు మూసుకొని అరచెయ్యి పోనిచ్చి లోపం పట్టుకొంటారు. షెడ్డు నేలంతా నీళ్ళు చల్లి దుమ్ము అణచాకనే రంగు తుపాకి చేతబట్టేది.

మన పెద్దవాళ్ళు కారు రంగును ‘డుకో’ అంటారు. అది అమెరికాలో డ్యూపాంటు వారి రంగు పేరు. 1924 మోడలు ఓక్‌లాండు కార్లకు మొదటిసారి వేశారు. అంతకు ముందు వార్నీషు రంగులు ఆరడానికి వారాలు పట్టేది. ఇప్పుడు రెండు డబ్బాలు కలిపి కొట్టే గట్టి రంగులు వచ్చాయి. అవి ఎక్కువకాలం నిలుస్తాయి గాని వాటి ఆవిరి ఊపిరితిత్తులకు చేటు. మేస్త్రీగారు ముఖానికి మంచి ముసుగు లేకుండా కుర్రవాళ్ళను దగ్గరకు రానివ్వరు. ఆ కట్టుబాటు చూశాకనే నాకు ఆయన పనిమీద గురి కుదిరింది.

రంగు మాత్రం పాత తెలుపే. మార్చితే రిజిస్ట్రేషను కాగితాలలోనూ మార్పించుకోవాలి. అదీగాక అమ్మ ఒప్పుకోదు.

ఉగాది వెళ్ళిన వారానికి బయలుదేరాము. బందరు నుంచి చల్లపల్లి, మోపిదేవి. మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరస్వామికి కొబ్బరికాయ కొట్టి, పులిగడ్డ దగ్గర కృష్ణపాయ దాటి అవనిగడ్డ చేరాము. అక్కడినుంచి కోడూరు మీదుగా హంసలదీవి. రెండు పక్కలా కాలువలు, అరటితోటలు, రొయ్యల చెరువులు. అమ్మ ముందు సీటులోనే కూర్చుంది. నాగాయలంక వైపు దారి చీలేచోట ఒకసారి అటు తిరిగి చూసి, “ఇక్కడినుంచే నడిచాం” అంది. అంతకు మించి ఆ దారిని గురించి మాట్లాడలేదు. కాళ్ళకింద కొత్త రేకు కిర్రుమనకుండా నిలబడింది.

హంసలదీవికి ఒక స్థలపురాణం వుంది. అందరి పాపాలూ కడిగి కడిగి నల్లబడిన గంగ కాకి రూపంలో వచ్చి ఇక్కడ మునిగి, తెల్లని హంస అయిందట. దేవతల సంగతి అలా వుంచితే, ఇనుము ఇక్కడ మునిగితే ఎర్రబడుతుందే తప్ప తెల్లబడదు. అందుకని కారును వేణుగోపాలస్వామి గుడి దగ్గరే ఆపి, ఇసుక దాకా ఆటోలో వెళ్ళాము. అమ్మ నీళ్ళలో పాదాలు తడుపుకొని, దోసెడు నీళ్ళు తీసి మూడుసార్లు వదిలింది. ఎవరెవరి పేర్లు తలచుకొందో ఆవిడకే తెలుసు.

ఇటువంటి బండి వున్నవారికి మేస్త్రీలిద్దరూ చెప్పిన మాట ఒకటి అందించి ముగిస్తాను. తలుపుల అడుగున నీరు పోవడానికి చిన్న చిల్లులుంటాయి. వాటిని పుల్లతో శుభ్రం చేస్తూ వుండండి. సముద్రపుటొడ్డుకు వెళ్ళి వచ్చిన రోజు బండి పైభాగం కంటె ముందు అడుగుభాగం మంచినీళ్ళతో కడగండి. మేము ఆ రాత్రి గుడివాడ చేరేసరికి పది గంటలయింది. నేను గొట్టం తీసుకొని షెడ్డులో కారు కిందికి దూరాను. అమ్మ టార్చిలైటు పట్టుకొని, “ఆ వెనక చక్రం పక్కన ఇంకా వదల్లేదు చూడు” అంటూ నిలబడింది.