ఆదివారం వచ్చే నేస్తం

ఆటిజం ఉన్న పిల్లల గురించి ఈమధ్య అందరికీ కాస్తో కూస్తో తెలుస్తోంది. కాని ఆ పిల్లలు పెరిగి పెద్దవారవుతారనీ, బడి అయిపోయాక ఇంట్లోవాళ్ళు తప్ప పలకరించే దిక్కు లేకుండా మిగిలిపోతారనీ చాలామందికి తట్టదు.

సికిందరాబాదులో అలాంటి 20 ఏళ్ళ కుర్రవాడి ఇంటికి రెండేళ్ళుగా ప్రతి ఆదివారం సాయంత్రం 4 గంటలకు వెళ్తున్నాను. నేను డాక్టర్ని కాను, టీచర్నీ కాను. అతనితో రెండు గంటలు గడపడమే నా పని. మొదట్లో వాళ్ళమ్మగారు పక్కగదిలోనే ఉండేవారు. అది మంచి పద్ధతి. అతను నాతో మాట్లాడేవాడు కాదు; నేనూ బలవంతపెట్టలేదు. పాత రైల్వే టైంటేబిలు చదువుకుంటూంటే పక్కన కూర్చునేవాణ్ణి. మూడో నెలలో ఒకరోజు పుస్తకం నావైపు జరిపి, "కాజీపేట" అన్నాడు. ఇప్పుడు మూడున్నరకే గుమ్మంలో నిలబడతాడు.

ఇలాంటి స్నేహానికి పెద్ద చదువులు అక్కర్లేదు. చెప్పిన వేళకు వెళ్ళాలి. వెళ్ళలేకపోతే ముందురోజే చెప్పాలి. అనుకున్నది అనుకున్నట్లు జరగకపోతే వీరిలో చాలామంది బాగా కంగారుపడతారు. మాట సూటిగా ఉండాలి. "ఒక్క నిమిషం ఆగు" అంటే మావాడు గడియారం చూసి 60 సెకన్లు లెక్కపెడతాడు. ఏదైనా అడిగితే జవాబు వచ్చేదాకా ఓపికపట్టాలి. కళ్ళలోకి చూడమనీ, చేతులు ఊపవద్దనీ ఒత్తిడి చేయకూడదు. కుక్కరు విజిలుకో, పెళ్ళి బాజాకో చెవులు మూసుకుంటే అది మారాం కాదు. సద్దు లేని చోటికి తీసుకుపోవాలి.

"ఇలా చేస్తే నయమవుతుందా?" అని అడుగుతారు. ఆటిజం మెదడు ఎదుగుదలలో ఉండే తేడా. తల్లి పెంపకం వల్ల వచ్చేది కాదు. 1943లో అమెరికాలో డాక్టర్ లియో కానర్ 11 మంది పిల్లల గురించి వ్యాసం రాశారు. వారిలో మొదటివాడు డొనాల్డ్ ట్రిప్లెట్. ఆయన పెద్దయ్యాక మిసిసిపీ రాష్ట్రంలో ఫారెస్ట్ అనే తన చిన్న ఊళ్ళోనే బ్యాంకులో పనిచేశారు, గోల్ఫ్ ఆడారు, దేశాలు తిరిగారు. 2023లో, 89 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. ఆటిజం పోలేదు. ఊరివాళ్ళు ఆయన్ని తమవాడిగా చూసుకున్నారు, అంతే.

"మా తర్వాత వీడికెవరు బాబూ?" అని వాళ్ళమ్మగారు ఒకసారి నన్నడిగారు. మన దేశంలో 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం ప్రకారం, 18 ఏళ్ళు నిండిన ఇలాంటివారికి అవసరమైతే సంరక్షకుణ్ణి నియమింపజేసుకోవచ్చు. ఆ సంగతి ఆవిడకు చెప్పాను. కాని ఆదివారం సాయంత్రం తలుపు తట్టే మనిషిని ఏ చట్టమూ ఇవ్వలేదు. ఆ మనిషి ఇరుగుపొరుగు నుంచే రావాలి.

మీ వీధిలో అలాంటి కుటుంబం ఉంటే ముందు ఆ తల్లిదండ్రులతో మాట్లాడండి. వారానికి ఒక గంట చాలు. అయితే మాట ఇచ్చేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోండి. మధ్యలో మానేసే స్నేహం కన్నా అసలు మొదలుపెట్టకపోవడమే నయం.